మీకు తెలుసా? నల్లమల మీద ఆరు నిమిషాలు

హైదరాబాద్‌లో కవాడిగూడకి హుస్సేన్‌సాగర్ అవతల బేగంపేట విమానాశ్రయం. 2009 సెప్టెంబర్ 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి బయల్దేరింది అక్కణ్ణుంచే. బెల్ 430 హెలికాప్టర్. నడిపింది గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. గంట తిరక్కముందే అది నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. ఉన్న అయిదుగురూ పోయారు. ఆచూకీ తెలిసింది మర్నాడు.

ఈ మాత్రం అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకి చదివే కుర్రాణ్ణి ఎవర్ని లేపి అడిగినా చెప్తాడు. కాక్‌పిట్ లోపల ఏం జరిగిందన్నది మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. కుట్ర అన్న మాటకున్న గిరాకీ విచారణ నివేదికకి ఎక్కడిది?

ఈ ప్రమాదాన్ని విచారించిన ఆర్.కె. త్యాగి కమిటీ కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ విని తేల్చిన సంగతి ఇది. మబ్బుల్లో పోతుండగా గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్‌లో ఏదో తేడా కనిపించింది. దానికేం చెయ్యాలో వెతుకుతూ పైలట్లిద్దరూ ఆరు నిమిషాలకి పైగా అందులోనే ఉండిపోయారు. ఎదురుగా క్యుములోనింబస్ మబ్బు, అంటే ఉరుములూ కుండపోతా మోసుకొచ్చే రకం. దాని మీద చూపు తప్పింది. వెనక్కి తిప్పుదామన్న నిర్ణయం వేళకి జరగలేదు. మబ్బులోపల గాలి పైనుంచి కిందికి విపరీతమైన జోరుతో నెట్టడంతో హెలికాప్టర్ అదుపు తప్పింది. చివరి క్షణాల్లో కో-పైలట్ ‘గో అరౌండ్’ అని పదేపదే అరిచారు. రన్‌వే మీదికి దిగుతూ, కుదరక మళ్లీ పైకి లేవాల్సినప్పుడు అనే మాట అది. అక్కడ రన్‌వే ఎక్కడుంది?

ముఖ్యమంత్రి వెనక కూర్చున్నారు కాబట్టే తిప్పడానికి జంకారని కొందరంటారు. కావొచ్చు. నాకు మాత్రం ఆ ఆరు నిమిషాలే పెద్దవిగా కనిపిస్తాయి. ఎందుకంటే వీఐపీ ఎవరూ లేని విమానంలోనూ ఇదే జరిగింది. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో ముందు చక్రం దిగిందని చెప్పే చిన్న బల్బు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఈలోగా విమానం మెల్లగా కిందికి జారుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. చిత్తడి నేలలో కూలి 101 మంది చనిపోయారు. ఇంజిన్లు బాగానే ఉన్నాయి!

ఇలాంటివి చూశాకే 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. ఇవాళ విమాన సంస్థల పైలట్లు నేర్చే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అక్కడ మొదలైంది. పద్ధతి తేలికే: ఏ లైటు వెలిగినా ఒకరు నడపడం మీదే ఉండాలి, పుస్తకం తిరగేసే పని రెండోవారిది. తేడా కనిపిస్తే జూనియర్ నోరు విప్పాలి, కెప్టెన్ వినాలి.

కష్టమంతా ఈ ఆఖరి మాటతోనే. పావురాలగుట్ట జరిగిన ఏడాదిలోపే, 2010 మే 22న, మంగళూరులో దిగుతున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, మూడుసార్లు ‘గో అరౌండ్’ అన్నాడు. దారిలో గంటన్నరకి పైగా నిద్రపోయి లేచిన కెప్టెన్ దింపడానికే సిద్ధపడ్డాడు. విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, బతికింది 8 మంది.