గీజరూ, దాని గొట్టమూ

మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని పెంకుటిళ్లలో వంటగదికి వేరే పొగగొట్టం ఉండేది కాదు. పెంకుల సందులే ఆ పని చేసేవి. కట్టెల పొయ్యి పొగ కళ్లు మండించేది, దూలాలకు మసి పట్టించేది, అయినా ఏదో ఒక సందు చూసుకుని పైకి పోయేది. స్లాబు ఇళ్లలో ఆ సందులు లేవు. పైగా గ్యాస్‌కు పొగే రాదు, గొట్టమెందుకన్న మాట ఒకటి స్థిరపడిపోయింది. వంట స్టవ్ దగ్గర ఆ మాట చాలావరకు చెల్లుతుంది. బాత్రూంలో గ్యాస్ గీజర్ దగ్గర మాత్రం అది ప్రాణాల మీదకు తెస్తుంది.

పొయ్యినీ గొట్టాన్నీ ఒకే యంత్రంగా చూసిన ఇంజినీరు ఒకాయన హైదరాబాద్‌లోనే ఉండేవారు. ఆయన డాక్టర్ ఎస్.పి.రాజు. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో రూపొందిన ఆయన మట్టి పొయ్యిని 'హెర్ల్ చులా' అన్నారు. 1950ల్లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకంలో దాన్ని వివరించారు. మంట ఒక గిన్నె కింది నుంచి మరో గిన్నె కిందికి సాగి, చివరికి గొట్టంలోకి పోతుంది. పొగను బయటికి పంపడం అందులో సగం పనే. పైకి పోయే వేడి గాలి వెనక నుంచి కొత్త గాలిని పొయ్యిలోకి లాగుతుంది, మంటను నిలబెడుతుంది. కేంద్ర ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టడానికి మూడు దశాబ్దాల ముందే హైదరాబాద్‌లో ఇంత ఆలోచన జరిగిందంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

గ్యాస్ గీజర్ కథ 1868లో లండన్‌లో మొదలైంది. బెంజమిన్ వాడీ మాగన్ అనే ఆయన గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్లు కాచే యంత్రం చేశాడు. దానికి పొగగొట్టం లేదు! తర్వాతి తరం యంత్రాలు ఆ లోపాన్ని సరిదిద్దుకున్నాయి. మన బాత్రూముల్లో బిగించేవాళ్లు చాలాచోట్ల ఆ తొలి లోపం దగ్గరికే తిరిగి వెళ్తున్నారు.

లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 6 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించాలంటే 10 కిలోవాట్లకు పైగా వేడి కావాలి. వంట స్టవ్ బర్నర్ ఇచ్చేది సుమారు 2 కిలోవాట్లు. గీజర్ పావుగంట వెలిగితే దాదాపు పావు కిలో గ్యాస్ ఖర్చవుతుంది, అది పూర్తిగా మండడానికి 3 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న బాత్రూంలో ఉండే గాలే సుమారు 5.4 ఘనపు మీటర్లు. తలుపు గడియ పెట్టి, చలికని వెంటిలేటర్ కూడా మూసేస్తే ఆ గాలిలో ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది. చాలినంత గాలి అందని మంట కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే ముక్కుకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ వాసన కోసమే గ్యాస్‌లో మెర్కాప్టాన్ కలుపుతారు. కాలిన గ్యాస్‌కు ఆ హెచ్చరిక ఉండదు. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తల తిరుగుతోందని గ్రహించి లేచేలోపే కాళ్లు సహకరించవు.

అందుకే గొట్టం. గొట్టమైతే ఏదైనా ఒకటే అనుకోవద్దు. పెద్దదైతే మంచిదన్న నమ్మకాన్ని కౌంట్ రమ్‌ఫర్డ్ అనే ఆయన 1796లోనే కొట్టిపారేశాడు. ఇళ్లలోని చలిమంటల చిమ్నీ గొంతును ఇరుకు చేసి, పొగ ఇంకా బాగా లాగేలా చేశాడు. గొట్టం మరీ వెడల్పైతే వేడి వాయువు నెమ్మదించి చల్లబడుతుంది, మరీ ఇరుకైతే వెనక్కి తన్ని గదిలోకే వస్తుంది. గీజర్ తయారీదారు చెప్పిన కొలతే పెట్టాలి. వంపులు తక్కువ ఉండాలి, నిలువు భాగం ఎక్కువ ఉండాలి.

చిమ్నీ లోపలి తొడుగు సంగతి కూడా చెప్పుకోవాలి. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. 14.2 కిలోల సిలిండర్ ఒకటి పూర్తిగా మండితే దాదాపు 22 లీటర్ల నీరవుతుంది. వట్టి ఇటుక చిమ్నీలోకి ఆ ఆవిరిని వదిలితే చల్లటి గోడ మీద అది నీరై కారుతుంది. వాయువుల్లోని ఆమ్లాలు అందులో కరిగి సున్నాన్నీ సిమెంటునూ తినేస్తాయి. బొగ్గు పొగ పొడిగా, ఎక్కువ వేడిగా పోయేది కాబట్టి పాత చిమ్నీలు తట్టుకున్నాయి. బ్రిటన్‌లో బొగ్గు నుంచి గ్యాస్‌కు మారిన ఇళ్లలో ఈ దెబ్బ తెలిసొచ్చింది. కొత్త చిమ్నీలకు లోపల కాల్చిన మట్టి గొట్టాలు, పాతవాటిలోకి వంగే స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు దించడం అందుకే. నునుపైన సన్నని గొట్టం త్వరగా వేడెక్కుతుంది, తొందరగా లాగుతుంది.

మన ఇళ్లలో ఇటుక చిమ్నీలు అరుదు కాబట్టి గీజర్‌కు లోహపు గొట్టం నేరుగా గోడ దాటించి, కిటికీలకూ పక్కింటి వెంటిలేటర్లకూ దూరంగా వదలడమే పని. ఇంకా మంచిది గీజర్‌ను బయట గాలాడే చోట, వానకు తడవకుండా బిగించి, వేడినీళ్ల పైపును మాత్రమే లోపలికి తేవడం. లోపలే పెట్టాల్సి వస్తే, గొట్టం ఉన్నా కింద గాలి వచ్చే సందు తెరిచే ఉంచాలి. గీజర్ వెలిగించి, ఐదు నిమిషాలాగి, గొట్టం మొదలయ్యే చోట ఉన్న ఖాళీ దగ్గర అగరుబత్తి పట్టి చూడండి. పొగ గొట్టంలోకి లాక్కుపోతే సరే. బయటికి చెదిరినా, మంట నీలం పోయి పసుపుగా కనిపించినా, వెంటనే ఆపి ఫిట్టర్‌ను పిలవాలి.