పినియన్ నెత్తిన అంకెలు

ఎడిటర్ గారు అప్పగించింది తాండూరు రాళ్ల లారీల మీద ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి కాపీ చేతికి రావాలన్నారు. బుధవారం పొద్దుటికి నా నోట్‌బుక్ నిండా నాపరాతి గనులు, పాలిష్ మిషన్లు, సిమెంటు ఫ్యాక్టరీలే. మధ్యాహ్నం తాండూరు శివార్లలో ఒక షెడ్డుకు వెళ్లాను. అక్కడ విప్పి ఉన్న లారీ వెనక ఇరుసు పక్కన కూర్చున్న ఉస్తాద్ నా అరచేతిలో ఒక పినియన్ (ఇంజను తిప్పే చిన్న గేరు) పెట్టాడు. దాని నెత్తిన సన్నగా గీసిన అంకెలున్నాయి. కథనం ఆ అంకెల దగ్గరే ఆగింది.

అందులో ఒకటి జత నంబరు. పినియన్ తిప్పే పెద్ద గేరు, క్రౌన్ వీల్ మీదా అదే నంబరు ఉంటుంది. ఫ్యాక్టరీలో ఈ రెండింటినీ రాపిడి మందు వేసి కలిపి తిప్పుతారు. ఒకదాని పళ్లు రెండోదానికి ఒరుసుకుని కుదురుతాయి. ఆ తర్వాత వాటిని విడదీయకూడదు. పాత క్రౌన్‌కు ఇంకో బండి పినియన్ తగిలించి డబ్బు మిగిలిందనుకుంటే, నాలుగు ట్రిప్పుల్లో గేర్ల పెట్టె (హౌసింగ్) మోత మొదలవుతుంది.

రెండోది ప్లస్సో మైనస్సో ముందుండే చిన్న అంకె. చాలా కంపెనీల లెక్కలో మైనస్ 0.05 అంటే, ఈ పినియన్ మామూలు కొలత కన్నా 0.05 మిల్లీమీటరు క్రౌన్ నడిమికి దగ్గరగా కూర్చోవాలని అర్థం. అంటే దాదాపు తలవెంట్రుక మందం. ఆ మందాన్ని సర్దేది షిమ్ములనే పలుచని రేకులు. పాత షిమ్ములనే తిరిగి వేసి మూత బిగించే షెడ్లను నేను నమ్మను.

పాత లారీల్లో కనిపించే ఒక జతలో క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 6. పినియన్ 6.83 సార్లు తిరిగితే క్రౌన్ ఒక్కసారి తిరుగుతుంది. 41కీ 6కీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి, ఒకసారి కలిసిన రెండు పళ్లు మళ్లీ కలవాలంటే పినియన్ 41 చుట్లు తిరగాలి. ఈలోగా ప్రతి పన్నూ అవతలి ప్రతి పన్నునూ పలకరిస్తుంది. అరుగుదల అందరికీ సమానం. ఈ లెక్క వేసినవాళ్లంటే నాకు గౌరవం.

ఇక పరీక్ష. ఉస్తాద్ మొదట పినియన్ ఫ్లాంజికి దారం చుట్టి, స్ప్రింగ్ త్రాసుతో లాగి బేరింగు బిగువు చూశాడు. తర్వాత డయల్ గేజ్ ముల్లును క్రౌన్ పంటికి ఆనించి, క్రౌన్‌ను అటూ ఇటూ కదిపి పళ్ల మధ్య వదులు, అంటే ప్లే చూశాడు. కార్లలో ఇది సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు, లారీల్లో ఇంకొంచెం ఎక్కువ. చుట్టూ నాలుగు చోట్ల చూడాలి. ఒకచోట బిగువు, ఒకచోట వదులు ఉంటే క్రౌన్ వంకర కూర్చున్నట్టే.

తర్వాత నూనెలో కలిపిన సిందూరాన్ని కుంచెతో పళ్లకు పూశాడు.

“తమ్మీ, క్రౌన్‌కు చెక్క అడ్డం వెట్టు. బరువు వడాలె.”

“వెట్టిన ఉస్తాద్, తిప్పు.”

సిందూరం తొలగిపోయిన మేర పంటి మీద ఉక్కు మెరిసింది. ఆ అచ్చు పంటి కొనమీదకు ఎక్కి ఉంది. అంటే పినియన్ దూరంగా ఉంది. షిమ్ మార్చి పినియన్‌ను లోపలికి జరిపాడు. అలా జరిపితే ప్లే తగ్గుతుంది కాబట్టి, క్రౌన్‌ను పక్కకు జరిపేందుకు ఒక పక్క రింగ్ నట్టు ఎంత వదిలాడో రెండో పక్క అంతే బిగించి మళ్లీ కొలిచాడు. మూడోసారికి అచ్చు పంటి నడుమ, కాస్త లోపలి కొసవైపుగా కోడిగుడ్డు ఆకారంలో పడింది. బరువు పడితే అది బయటి కొసవైపు జరుగుతుంది. ఆ చోటు ముందే వదిలిపెట్టాలి.

పంటి రెండు ముఖాలూ చూశాడు. బండలతో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఒత్తిడంతా ఒక ముఖం మీద. యాక్సిలరేటర్ వదిలి గేర్లోనే దిగేటప్పుడు రెండో ముఖం మీద. వికారాబాద్ దారిలో నడిచే బండికి రెండూ ముఖ్యమే.

చరిత్ర రెండు ముక్కల్లో: మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. క్రౌన్‌కు బిగించి ఉండి ఆ తేడా సర్దే డిఫరెన్షియల్‌కు 1827లో ఫ్రాన్స్‌లో పెకెర్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. వంపు పళ్ల గేర్లు 1913లో, పినియన్‌ను కిందికి దించిన హైపాయిడ్ గేర్లు 1926లో ప్యాకర్డ్ కార్లలో వచ్చాయి.

మోతను బట్టి
యాక్సిలరేటర్ తొక్కినప్పుడో వదిలినప్పుడో మాత్రమే ఊళ పెడితే క్రౌన్-పినియన్ పళ్లు చూడాలి. ఎప్పుడూ గరగరలాడితే బేరింగులు. గేరు వేయగానే టక్కుమంటే ఎక్కడో ప్లే పెరిగింది. మలుపుల్లోనే చప్పుడైతే డిఫరెన్షియల్ లోపలి స్టార్ గేర్లను అనుమానించండి.

లారీ యజమానులకు ఒక్క విన్నపం. హౌసింగ్ మూసే రోజు షెడ్డుకు మీరే వెళ్లండి. క్రౌన్ మీదా పినియన్ మీదా జత నంబరు ఒకటేనా చూడండి. పంటి రెండు ముఖాల మీదా అచ్చు చూపించమనండి. ఫోన్లో ఫొటో తీసుకున్నాకే మూత బిగించనివ్వండి.