మాటకు మహిమా? దేవుని చిత్తమా?

పెండ్లిమర్రి: చెడు పలికితే తథాస్తు దేవతలు వింటారని మన పల్లెల్లో పెద్దలు మందలిస్తారు. క్రైస్తవుల్లోనూ ఇటువంటి చర్చ ఒకటి ఉంది. తనకు జబ్బు లేదని విశ్వాసంతో నోట పలికితే స్వస్థత కలుగుతుందని కొందరు బోధకులు చెబుతారు. అమెరికాలో ఈ బోధను వ్యాపింపజేసినవారిలో కెనెత్ హేగిన్ (1917-2003) ముఖ్యుడు. కొండను కదిలించే విశ్వాసం గురించి మార్కు సువార్త 11వ అధ్యాయంలో ఉన్న మాటలే దీనికి ఆధారం.

కాదనేవారూ బైబిలునే చూపుతారు. గెత్సేమనే తోటలో యేసు తన ఇష్టం కాక తండ్రి చిత్తమే జరగాలని వేడుకున్నాడు. తన శరీరంలోని ముల్లు తీసివేయమని పౌలు మూడుసార్లు ప్రార్థించినా అది పోలేదు. మరి పౌలుకు విశ్వాసం తక్కువందామా? రేపటి పని చెప్పేటప్పుడు దేవుని చిత్తాన్ని తలచుకోమంటుంది యాకోబు పత్రిక. ప్రార్థన మంత్రం కాదు, విన్నపం. నిర్ణయం దేవునిదేనని వీరి వాదన.

ఇది పండితుల గొడవని తోసెయ్యడానికి వీల్లేదు. రోగాన్ని ఒప్పుకోవడమే అవిశ్వాసమనుకున్నవారు మందు మానేస్తారు. నయం కాకపోతే, విశ్వాసం చాలలేదన్న నింద కూడా రోగిమీదే పడుతుంది.

1822లో కడపలో పని మొదలుపెట్టిన లండన్ మిషన్ వారు ప్రార్థనతో సరిపెట్టుకోలేదు. జమ్మలమడుగు కాంప్‌బెల్ ఆసుపత్రి ఆ మిషన్ నెలకొల్పినదే. అక్కడ ప్రార్థనా సాగింది, వైద్యమూ సాగింది. రోగి మంచం పక్కన కూర్చుని ధైర్యం చెప్పండి, ప్రార్థించండి. ఆసుపత్రికి మాత్రం ఆలస్యం చేయకండి.