పాత కారు, కొత్త వెల

"ఇటలీ దేశమున తయారైన అరుదైన కూపే కారు అమ్మకమునకు కలదు" అను ప్రకటనను, దానితోడి ఛాయాచిత్రమును చూచి మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఇట్లు ప్రశ్నించెను: "సార్, డెబ్బది ఏండ్ల బండికి కోట్ల రూపాయలా? మా నాయన పదునైదేండ్ల మోటారు సైకిలును భంగారువాడు తూకము వేసి కొనిపోయినాడు గదా!" తరగతి యంతయు నవ్వెను. కాని అది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. ఒక పాత వస్తువు ఇనుప తుక్కు ఎప్పుడగును, అమూల్యమైన నిధి ఎప్పుడగును? ఈ విషయమును మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజేయుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట కూపే అనగా నేమి? ఇది ఫ్రెంచి భాషా పదము. "కోయబడినది" అని దీని అర్థము. పూర్వము నలుగురు ఎదురెదురుగా కూర్చుండు గుఱ్ఱపు బండ్లుండెడివి. అందు ముందరి ఆసనమును తొలగించి, బండిని కురుచ చేసి, ఇద్దరికి సరిపడునట్లు కట్టిన బండికి ఆ పేరు వచ్చెను. మోటారు కార్లు వచ్చిన పిదప రెండు తలుపులు, వెనుకకు వాలిన కప్పు గల చిన్న కారునకు అదే పేరు నిలిచెను. ఇది సంతకు సామాను తెచ్చుటకు గాని, పదిమంది బంధువులతో పెండ్లికి పోవుటకు గాని పనికిరాదు. ఇద్దరు సుఖముగా, వేగముగా దూరప్రయాణము చేయుటకే ఉద్దేశింపబడినది.

ఇటలీ కార్లకు ఇంతటి పేరు వచ్చుటకు కారణ మేమి? ఆ కాలమున కారు నిర్మాణము రెండు చేతుల పని. ఒక కర్మాగారము ఇంజను, చక్రములు, అడుగు చట్రము తయారుచేసెడిది. మరియొక కర్మశాల ఆ చట్రముపై రేకుల శరీరమును కట్టెడిది. ట్యూరిన్, మిలాన్ నగరములలో ఇట్టి కర్మశాలలు వెలసెను. 1912లో బెర్తోనె, 1919లో జగాటో, 1926లో టూరింగ్, 1930లో పినిన్ ఫరీనా స్థాపింపబడినవి. మన వడ్రంగి యెడ్లబండిని ఆసామి అవసరమునుబట్టి చేసినట్లే, అచ్చటి పనివారు కొనువాని కోరికనుబట్టి అల్యూమినియపు రేకును సుత్తితో కొట్టి వంపులు తీర్చెడివారు. కావున ఒకే నమూనా కార్లు రెండు ప్రక్కప్రక్కన నిలిపినను, వాని రేకులలో స్వల్ప భేద ముండవచ్చును.

ఉదాహరణమునకు లాన్సియా సంస్థను తీసికొందము. దీనిని విన్సెంజో లాన్సియా తన సహచరునితో కలిసి 1906లో ట్యూరిన్ నగరమున స్థాపించెను. 1950లో ఈ సంస్థ అవురేలియా అను కారును వెలువరించెను. వి ఆకారమున ఆరు సిలిండర్లను అమర్చిన ఇంజను, సాధారణ విక్రయమునకై తయారైన కార్లలో మొదట దీనియందే కనబడెను. దీనిలో మరియొక విశేషము కలదు. ఇంజను ముందుండగా, గేరు పెట్టె వెనుక చక్రముల కడ నుండెను. కావడి మోయువాడు ఇరువైపుల కుండలను సమముగా నింపుకొన్నట్లు, ఈ అమరికచే బరువు ముందు వెనుకలకు పంచబడి కారు మలుపులలో స్థిరముగా నిలుచును. 1951లో వచ్చిన దీని కూపే రూపము లోకప్రసిద్ధి గాంచినది. ఇట్టి కూపేలు మొత్తము నాలుగు వేలకు లోపుగనే తయారైనవి.

తయారైనవి తక్కువ, మిగిలినవి అంతకంటె తక్కువ. మిలాన్ నగరపు టూరింగ్ సంస్థ సన్నని ఉక్కు గొట్టములతో పంజరము కట్టి, దానిపై అల్యూమినియపు రేకును కప్పెడిది. తేలికదనమునకు ఇది గొప్ప ఉపాయము. కాని ఉక్కు, అల్యూమినియము ఒకదాని నొకటి తాకుచోట తేమ చేరినచో, అల్యూమినియము త్వరగా తినివేయబడును. మన విజ్ఞానశాస్త్ర పాఠమున విద్యుత్ ఘటమును గూర్చి చదివినదే ఇచ్చట నడచుచున్నది. రెండు లోహములు, నడుమ తడి యున్నచో చిన్న ఘట మేర్పడును. ఇట్లు కొన్ని శిథిలమయ్యెను. కొన్ని ప్రమాదములలో నశించెను. విడిభాగములు దొరకక మరికొన్ని తుక్కు క్రింద పోయెను.

అట్లైన మిగిలినదాని వెలను నిర్ణయించు నది ఏది? నాలుగు విషయములు చూతురు. మొదటిది సంఖ్య. ఫెరారి సంస్థ 1962 మొదలు 1964 వరకు కట్టిన 250 జి.టి.ఓ. కార్లు 36 మాత్రమే. అందొకటి 2018లో అమెరికాలో వేలమునందు 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయెను. రెండవది అసలుదనము. ఇంజనుపై చెక్కిన సంఖ్య, చట్రముపై చెక్కిన సంఖ్య పాత పత్రములతో సరిపోవలెను. మీ యింటి మోటారు సైకిలు రిజిస్ట్రేషను పుస్తకమునందును ఈ రెండు సంఖ్యలు కలవు. నేడే తెరచి చూడుడు. మూడవది స్థితి. నాల్గవది చరిత్ర, అనగా ఎవరు కొనిరి, ఎచ్చట నడిపిరి, ఎవరు బాగుచేసిరి అను వివరము. చిత్రమేమన, క్రొత్త రంగు పూసి తళతళలాడు కారుకంటె, అసలు రంగు పెచ్చులూడిన కారే ఒక్కొక్కప్పుడు ఎక్కువ వెల పలుకును. రంగు మరల పూయవచ్చును. పోయిన సాక్ష్యమును మరల తేలేము.

ఇట్టి వెలలను విని, ఇది ధనవంతుల వినోద మని కొందరు తలపవచ్చును. చాలవరకు నిజమే. ఐనను ఒక సంగతి చెప్పవలసియున్నది. జర్మనీ దేశపు మెర్సిడెస్ సంస్థ తాను 1955లో కట్టిన రెండే రెండు కూపేలలో ఒకదానిని 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్మెను. ఆ ధనమును విద్యార్థి వేతనముల నిధికై వినియోగింప నిశ్చయించెను. ఒక పాత కారు ఎందరో పిల్లల చదువుగా మారిన దన్నమాట.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1956 నవంబరు 1వ తేదీ వరకు మన దెగ్లూరు హైదరాబాదు రాష్ట్రమునందే యుండెను. ఆ రాజధానియందు ఇట్టి కారొకటి నేటికిని కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండునకు ఒక రోల్స్ రాయిస్ కారును చేయ నాజ్ఞ యిచ్చి, అది చేరకమునుపే 1911లో స్వర్గస్థుడయ్యెను. పసుపుపచ్చని యా కారు ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు అందెను. వెనుక ఆసనము సింహాసనమువలె ఎత్తుగా నుండుటచే దీనిని సింహాసన రథ మనిరి. దీని శరీరమును కట్టినది లండనులోని బార్కర్ సంస్థ. రాచ ఊరేగింపులకే వాడిన యీ కారు తరువాత బాగుచేయబడి, నేడు చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శనమున నున్నది. నాందేడు నుండి మన యూరి మీదుగా సంగారెడ్డికి పోవు రహదారిని పట్టి హైదరాబాదు వెళ్లు తలిదండ్రులు పిల్లలకు దానిని చూపవలెనని కోరుచున్నాము.

ఇటలీ కారు మన యిండ్లకు సైతము వచ్చినదని ఎందరికి తెలియును? బొంబాయిలోని ప్రీమియర్ సంస్థ ఇటలీ ఫియట్ వారి 1100 నమూనాను తయారుచేసెను. దానికే 1974లో పద్మిని అను పేరు పెట్టిరి. బొంబాయి వీథులలో నలుపు పసుపు రంగుల టాక్సీగా అది వేలకొలది తిరుగుచుండెను. అప్పుడు దానిని దాచుకొనవలెనని ఎవరును తలపలేదు. 2023 అక్టోబరు నెలాఖరుతో ఆ నగరమున పద్మిని టాక్సీల కాలము ముగిసెను. అంతట దానిని దాచవలెనని జనులు కోరసాగిరి. ఎల్లచోట్ల దొరకు వస్తువే ముందుగా మాయమగును. అందరికిని ఉన్నది గదా యని ఎవ్వరును దాచరు.

భారత ప్రభుత్వము 2021లో పాత వాహనములకు ప్రత్యేక నియమములు చేసెను. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, రూపము మార్పబడని వాహనములకు వేఱు సంఖ్యా పలక లభించును. క్రొత్తగా నమోదు చేయుటకు రుసుము 20,000 రూపాయలు. దానిని నిత్య వ్యవహారములకు గాని, బాడుగకు గాని నడుపరాదు. ప్రదర్శనములకు, పాత వాహనముల ర్యాలీలకు తీసికొనిపోవచ్చును.

మా విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పుదుము. వాని నాయనగారి మోటారు సైకిలు తుక్కగుట తప్పు కాదు. అట్టివి లక్షలు కలవు, వాని పని ముగిసినది. కాని తూకమునకు వేయుటకు ముందు ఒక్క క్షణ మాగి, "ఇట్టిది మరియొకటి ఉన్నదా?" అని అడుగవలెను. మన యిండ్ల అటకలపై కారు లేదు. తాతగారు తెలుగున వ్రాసిన లెక్కల పుస్తకముండవచ్చును. అమ్మమ్మ పాటలు వ్రాసికొన్న నోటుబుక్కుండవచ్చును. ఈ పత్రిక పాత సంచిక యుండవచ్చును. మరాఠీ సీమయందు తెలుగు మాటలాడు మనవంటివారి వ్రాతలకు ఏ గ్రంథాలయమునందును రెండవ ప్రతి లేకపోవచ్చును. రద్దీవాడు వానికి కిలో లెక్కన వెల కట్టును. తలిదండ్రులారా, వాని కిచ్చుటకు ముందు ఆ కాగితములను మీ పిల్లలచేత ఒకసారి పాఠశాలకు పంపుడు. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, ఎచ్చట వ్రాసిరి అను మూడు సంగతులను మీకు తెలిసినంతవరకు వెనుక పుటపై వ్రాయించుడు. చరిత్ర తెలిసిన వస్తువే నిలుచును. మేము ప్రతి తీసికొని, అసలును మీ కందజేయుదుము.