ప్రోస్టేట్ క్యాన్సర్‌కు జంట రేడియేషన్ చికిత్స

ప్రోస్టేట్ అంటే మగవారిలో మూత్రసంచి కింద ఉండే చిన్న గ్రంథి. దానికి క్యాన్సర్ సోకితే రేడియేషన్ రెండు విధాలుగా ఇస్తారు. యంత్రంతో బయటి నుంచి కిరణాలు పంపడం ఒకటి. సన్నని సూదుల ద్వారా రేడియోధార్మిక పదార్థాన్ని గ్రంథిలోనే ఉంచడం రెండోది, ఇది బ్రాకీథెరపీ.

జబ్బు తీవ్రంగా ఉన్నా, దూరపు అవయవాలకు పాకని కొందరికి రెండూ కలిపి ఇస్తారు. కె.సి. కాలువ నీటితో తోటంతా తడిపి, చెట్టు మొదట్లో మరో కడవ పోసినట్టు. బయటి చికిత్స సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు. జబ్బు తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. మూత్ర ఇబ్బందులు పెరగవచ్చు. రెండూ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మన నంద్యాల, ఆళ్లగడ్డ పేదలకు ఆ 5 వారాలే గండం. ప్రభుత్వ ఆరోగ్య పథకం చికిత్సకు ఆసరా అవుతుంది. పరాయి ఊళ్లో గది అద్దె, తోడు వెళ్లిన కొడుకు కూలి ఎవరిస్తారు? నిరుడు ఆళ్లగడ్డ పెద్దాయన ఒకరు అద్దె కట్టలేక మూడో వారంలోనే తిరిగొచ్చేశారు. మాకు ఆలస్యంగా తెలిసింది.

మెహదీ నవాజ్ జంగ్ గారి పూనికతో 1955లో హైదరాబాదులో క్యాన్సర్ ఆసుపత్రి వెలిసింది. మనం ఆసుపత్రి కట్టలేం. ఒక రోగికి 5 వారాల బస మాత్రం ఇవ్వగలం, ఇన్షా అల్లాహ్.