మీకు తెలుసా? ఆస్కార్ విందుకు మన దగ్గర టిఫినే సరి

తొలి ఆస్కార్ వేడుక జరిగింది భోజనాల బల్లల దగ్గరే! 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో టికెట్ 5 డాలర్లు. బహుమతుల ప్రదానం సుమారు 15 నిమిషాల్లో ముగిసింది. కాబట్టి ఏటా ఆస్కార్ చూస్తూ సినిమాకు తగ్గ వంటలు వడ్డించడం కొత్త వింతేమీ కాదు. అయితే అండమాన్‌లోని బ్రూక్షాబాద్‌లో రాత్రి విందు కుదరదు. ‘నాటు నాటు’కు ఆస్కార్ దక్కిన వేడుక లాస్ ఏంజెలెస్‌లో 2023 మార్చి 12 సాయంత్రం మొదలైతే, ఇక్కడ 13వ తేదీ ఉదయం 5.30. అంత పొద్దున్నే విందేమిటంటారా? తూర్పున ఉన్న ఈ దీవుల్లో ఆ వేళకే వెలుగొచ్చేస్తుంది. పొగలు కక్కే ఇడ్లీ, అప్పుడే తురిమి నూరిన కొబ్బరి పచ్చడి చాలు. ఆ పాట ఉన్న సినిమాకు తగ్గ వంటే కావాలంటే, అందులోని నాయకుల్లో ఒకరైన కొమురం భీమ్‌ది ఆదిలాబాద్ గడ్డ గనుక జొన్నరొట్టె కాల్చండి. కేకు మీద బంగారు బొమ్మ కన్నా అదే ఆ కథకు దగ్గర.