ఎవరిని ఎంచుకోవాలి? – అమెరికా ఫుట్‌బాల్‌లో ఒక చిరకాల వివాదం

ప్రతి సంవత్సరం వసంతకాలం రాగానే అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని నగరాలలో ఒక చర్చ మొదలవుతుంది. ఆటలు జరుగని కాలమది. ఫిబ్రవరిలో పోటీలు ముగిసి, మరల సెప్టెంబరులో గాని ప్రారంభం కావు. అయినను అభిమానులు ఊరుకోరు. "ఈ ఏడు మన జట్టు ఏ కుర్రవానిని తీసుకోవాలి?" అన్న ప్రశ్నపై ఇండ్లలో, కచేరీలలో, పత్రికలలో, రేడియోలో వాదోపవాదాలు సాగుతాయి. అందులోను బంతి చేతబట్టి పరుగెత్తే ఆటగానిని గూర్చిన వాదం మిక్కిలి తీవ్రంగా ఉంటుంది. పైకి వినోదమాత్రంగా కనిపించే ఈ వివాదంలో విద్యార్థి లోకానికి, విద్యాసంస్థల నిర్వాహకులకు ఉపకరించే ఆలోచన ఎంతో ఉన్నదని మేము భావించి, దానిని ఇక్కడ వివరింపదలచినాము.

ఫుట్‌బాల్ అనగానే హైదరాబాదు వారికి స్ఫురించేది వేరొక ఆట. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ శిక్షణలో భారత జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచిన ఆట అది. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచేది అది కాదు. వారి బంతి కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని చేతులతో పట్టుకొని పరుగెత్తవచ్చు, ముందుకు విసరవచ్చు. ఒక్కొక్క పక్షాన పదకొండుగురు ఆడుతారు. బంతి గల జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు సాగాలి. సాగితే మరి నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. లేకుంటే బంతి ఎదుటివారి పాలవుతుంది. ఈ విధంగా అంగుళ మంగుళంగా భూమిని ఆక్రమించే యుద్ధం వంటిది ఆ క్రీడ.

ఈ వ్యూహానికి నాయకుడు క్వార్టర్ బ్యాక్. బంతి మొదట అతని చేతికి వస్తుంది. అతడు దానిని దూరానికి విసరవచ్చు. లేదా తన ప్రక్కనో వెనుకనో నిలిచిన రన్నింగ్ బ్యాక్ చేతికి అందించవచ్చు. ఆ రన్నింగ్ బ్యాక్ బంతిని గుండెలకు హత్తుకొని, ఎదుట గోడవలె నిలిచిన భారీకాయుల నడుమ సందు చూచుకొని దూసుకుపోవాలి. అతనికి ఆ సందు కల్పించేవారు ముందు వరుసలోని ఐదుగురు. వారి పేర్లు ప్రేక్షకులకు అంతగా తెలియవు. పరుగెత్తినవాని పేరే మారుమ్రోగుతుంది. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకోవలె. దీని అవసరం ముందు వస్తుంది.

ఇక ఎంపిక పద్ధతి. మన దేశంలో 2008 నుండి క్రికెట్ లీగులో ఆటగాళ్ళకు వేలం జరగడం అందరికీ విదితమే. అమెరికాలో కళాశాలల నుండి వచ్చే కొత్తవారికి వేలం లేదు, వంతు ఉన్నది. దీనినే వారు డ్రాఫ్టు అంటారు. గత సంవత్సరం అందరికంటె హీనంగా ఆడిన జట్టు మొదట కోరుకుంటుంది, విజేత చివర కోరుకుంటుంది. బలవంతులు మరింత బలవంతులు కాకుండ, బలహీనులు కోలుకోవడానికి ఏర్పరచిన న్యాయమిది. ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు యజమాని బర్ట్ బెల్ 1935లో దీనిని ప్రతిపాదించాడు. ఆ ఏడు అతని జట్టే అట్టడుగున ఉండటం గమనార్హం! 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలో తొలి డ్రాఫ్టు జరిగింది. నాడు జట్లు తొమ్మిది, నేడు 32. ఇప్పుడు ఏడు రౌండ్లుగా ఎంపిక సాగుతుంది.

తొలి డ్రాఫ్టులో తొలి పేరు జే బెర్వాంగర్. షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థి, పరుగులో మేటి. అయితే అతడు వృత్తి క్రీడలో ఒక్క ఆట అయినా ఆడలేదు. జీతం విషయంలో పొత్తు కుదరక, వ్యాపారరంగంలో ప్రవేశించి అందులోనే స్థిరపడ్డాడు. మొట్టమొదటి ఎంపికయే ఈ విధంగా ముగియడం ఆ పద్ధతికి పుట్టుకతో వచ్చిన హెచ్చరిక అనుకోవచ్చును.

అభిమానుల వాదాన్ని అర్థం చేసుకోవడానికి 1999 సంవత్సరాన్ని మించిన ఉదాహరణ లేదు. ఆ ఏడు టెక్సాస్ విశ్వవిద్యాలయం నుండి రికీ విలియమ్స్ అనే రన్నింగ్ బ్యాక్ వచ్చాడు. నాలుగేండ్ల కళాశాల జీవితంలో 6,279 గజాలు పరుగెత్తి, అంతవరకు ఉన్న రికార్డును అధిగమించి, 1998లో కళాశాల క్రీడాకారులకిచ్చే అత్యున్నత బహుమతి హైస్‌మన్ ట్రోఫీని పొందినవాడు. ఫిలడెల్ఫియా జట్టు అంతకు ముందటి ఏడు పదహారు ఆటలలో మూడే గెలిచి, రెండవ వంతు పొందింది. నగర ప్రజలు రికీ విలియమ్స్ కావాలని పట్టుబట్టారు. ఆనాటి మేయర్ ఎడ్ రెండెల్ సైతం ఆ పక్షమే వహించాడు. ఒక రేడియో కేంద్రం ప్రోత్సాహంతో కొందరు అభిమానులు డ్రాఫ్టు జరిగే న్యూయార్కుకు బస్సులో వెళ్ళి కూర్చున్నారు. ఏప్రిల్ 17న జట్టు ప్రకటించిన పేరు మాత్రం డొనవన్ మెక్‌నాబ్. అతడు క్వార్టర్ బ్యాక్. వేదిక నెక్కిన ఆ యువకుడిని తన జట్టు అభిమానులే హేళనగా కేకలు వేసి ఆహ్వానించారు!

నాల్గవ వంతు ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టుది. వారికి నిజంగా రన్నింగ్ బ్యాక్ అవసరం ఉన్నది. ఏలననగా డ్రాఫ్టుకు కొలది దినాల ముందే తమ ప్రసిద్ధ ఆటగాడు మార్షల్ ఫాక్‌ను వేరొక జట్టుకు ఇచ్చివేశారు. అందరూ రికీ విలియమ్స్‌నే తీసుకుంటారనుకున్నారు. జట్టు వ్యవహారకర్త బిల్ పోలియన్ మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్జరిన్ జేమ్స్‌ను ఎన్నుకొన్నాడు. అభిమానులు విస్తుపోయారు. ఐదవ వంతు కోసం న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ శిక్షకుడు మైక్ డిట్కా, తమ జట్టుకు ఆ ఏడు గల ఎంపికలన్నిటిని, మరుసటి సంవత్సరపు మొదటి, మూడవ రౌండ్లను కూడా ధారపోసి, రికీ విలియమ్స్‌ను తెచ్చుకొన్నాడు. ఒక్క మనిషి కోసం ఎనిమిది అవకాశాలు!

ఫలితాలేమైనవి? జేమ్స్ మొదటి ఏడే 1,553 గజాలు, రెండవ ఏడు 1,709 గజాలు పరుగెత్తి, రెండు పర్యాయాలూ లీగులో ప్రథముడయ్యాడు. 1998లో మూడే ఆటలు గెలిచిన కోల్ట్స్ 1999లో పదమూడు గెలిచింది. హేళనకు గురియైన మెక్‌నాబ్ తన జట్టును ఐదు పర్యాయాలు కాన్ఫరెన్సు తుది పోటీ వరకు, 2005 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ వరకు నడిపించాడు. న్యూ ఆర్లీన్స్ 1999లో మూడే ఆటలు గెలిచింది. డిట్కా ఉద్యోగం పోయింది. అయితే రికీ విలియమ్స్ అసమర్థుడా? కాడు. 2002లో మయామీ జట్టుకు మారి 1,853 గజాలతో లీగులో ప్రథముడు కాగలిగాడు. మొత్తం మీద పదివేల గజాలు దాటాడు. లోపం అతనిలో లేదు. చెల్లించిన మూల్యంలో ఉన్నది. తోటివారిని తెచ్చుకొనే అవకాశాలన్నీ అతని కొరకే వెచ్చించిన తరువాత అతనికి దారి చేసేవారు ఎక్కడి నుండి వస్తారు?

ఇక్కడనే ఈ వివాదపు మూలసూత్రం బోధపడుతుంది. "వీడు గొప్పవాడా?" అనేది అభిమాని ప్రశ్న. "వీనిని తీసుకొంటే ఎవరిని వదులుకొంటున్నాము?" అనేది వ్యవహారకర్త ప్రశ్న. మొదటి ప్రశ్నకు నిన్నటి ఆట సమాధానమిస్తుంది. రెండవ దానికి రేపటి అవసరం సమాధానమివ్వాలి. ఆర్థికశాస్త్ర విద్యార్థులు దీనిని అవకాశ వ్యయమని వెంటనే గుర్తిస్తారు.

కాలక్రమంలో ఈ లెక్క రన్నింగ్ బ్యాక్‌లకు ప్రతికూలమైంది. 1978లో నిబంధనలు మారి, బంతిని విసరడం సులభమైంది. విసురు వలన లభించే గజాలు పరుగు వలన లభించే వాటికంటె ఎక్కువ. పైగా మంచి రన్నింగ్ బ్యాక్ చివరి రౌండ్లలోను దొరుకుతాడని అనుభవం నేర్పింది. 1995లో అందరికంటె ముందు ఎంపికైన కీజానా కార్టర్ తొలి ఆట ఆడకముందే, సన్నాహపు ఆటలో మోకాలు విరిగి, ఆ ఏడంతా కోల్పోయాడు. వృత్తి జీవితం మొత్తంలో 1,144 గజాలకే పరిమితమయ్యాడు. అదే ఏడు 196వ వాడుగా డెన్వర్ జట్టు తీసుకొన్న టెరెల్ డేవిస్ 1998లో ఒక్క ఏడాదిలోనే 2,008 గజాలు పరుగెత్తాడు. 2012లో మూడవ స్థానంలో ఎంపికైన ట్రెంట్ రిచర్డ్‌సన్ ఆ ఏడు 950 గజాలు పరుగెత్తగా, 173వ వాడైన ఆల్‌ఫ్రెడ్ మారిస్ 1,613 గజాలు సాధించాడు. ఈ అనుభవాల ప్రభావమా అన్నట్లు 2013లో మొదటి రౌండులో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా ఎంపిక కాలేదు. 1963 తరువాత అట్లు జరగడం అదే ప్రథమం. 2014లోను, మరల 2024లోను అదే జరిగింది.

అయినను వాదం ముగియలేదు. 2018లో న్యూయార్క్ జెయింట్స్ రెండవ వంతులో సాక్వాన్ బార్క్‌లీని తీసుకొన్నది. వృద్ధుడవుతున్న క్వార్టర్ బ్యాక్ స్థానంలో కొత్తవానిని తీసుకోవలసిందని కొందరు, ఇటువంటి ప్రతిభను వదలరాదని కొందరు ఏండ్ల తరబడి వాదించుకొన్నారు. మొదటి ఏడు అతడు 1,307 గజాలు పరుగెత్తాడు. 2020లో మోకాలు దెబ్బతిన్నది. ఆరేండ్లలో జట్టు ఒక్కసారి మాత్రమే తుది దశ పోటీలకు చేరింది. ఆ ఏడే అతని తరువాత ఎంపికైన క్వార్టర్ బ్యాక్‌లలో జాష్ ఆలెన్, లమార్ జాక్సన్ అనంతరం లీగులో అత్యుత్తమ ఆటగాళ్ళుగా గౌరవం పొందారు. కాబట్టి విమర్శకులే గెలిచారని తోచింది. కాని 2024లో ఫిలడెల్ఫియాకు మారిన బార్క్‌లీ 2,005 గజాలు పరుగెత్తాడు. 2025 ఫిబ్రవరిలో ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచింది. అక్కడ అతనికి దారి చేసిన వారిలో జోర్డన్ మైలాటా ఒకడు. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుతూ, అమెరికా ఫుట్‌బాల్ ఎన్నడూ ఆడకుండ వచ్చిన అతడు అదే 2018 డ్రాఫ్టులో 233వ వాడుగా ఎంపికైనాడు. రెండవ వాని కీర్తికి 233వ వాని భుజబలం ఆధారమైనది. మేము ముందు జ్ఞాపకముంచుకొమ్మన్నది ఈ సంగతినే.

వాదించుకొనే అభిమానులు సాధారణంగా మరచే పక్షం ఒకటున్నది. అది ఆ యువకునిది. ఉన్నత పాఠశాల వదలి మూడేండ్లు గడిచితే తప్ప డ్రాఫ్టుకు అర్హత లేదు. ఆ మూడేండ్లు కళాశాల తరఫున దెబ్బలు తినాలి. తన పేరు, రూపం ద్వారా ధనం గడించుకొనే హక్కు సైతం విద్యార్థి ఆటగానికి 2021లో గాని రాలేదు. 2011 ఒప్పందం ప్రకారం కొత్తవాని జీతం ఎంపిక స్థానాన్ని బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. మొదటి ఒప్పందం నాలుగైదేండ్లకు ముగిసేసరికి రన్నింగ్ బ్యాక్ కాళ్ళు అలసిపోతాయి. అప్పుడు యాజమాన్యం, ఇంతకంటె చౌకగా మరొక యువకుడు దొరుకుతాడంటుంది. 2022లో లీగు మొత్తంలో అందరికంటె ఎక్కువ పరుగెత్తిన జోష్ జేకబ్స్‌కు సైతం 2023లో తన జట్టు నుండి దీర్ఘకాలపు ఒప్పందం లభించలేదు. పనిలో ప్రథముడైనవానికి భద్రత లేకపోవడం విచారకరం కాదా? జట్టు లెక్క తప్పని అనలేము. కాని లెక్క సరియైనంత మాత్రాన న్యాయం పూర్తికాదు.

ఇట్టివారిలో దారి మార్చుకొని నిలిచినవారు లేకపోలేదు. ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో రన్నింగ్ బ్యాక్‌గా ఖ్యాతి గాంచి, 1972లో నాల్గవ వాడుగా ఎంపికైన బాబీ మూర్, ఇస్లాం స్వీకరించి అహ్మద్ రషాద్ అయ్యాడు. వృత్తి క్రీడలో పరుగు స్థానం వదలి, విసిరిన బంతిని అందుకొనే స్థానంలో రాణించాడు. పిదప దూరదర్శన్ క్రీడా వ్యాఖ్యాతగా పేరు పొందాడు. ఒక్క నైపుణ్యం మీదనే జీవితాన్ని నిలుపరాదనడానికి ఇది చక్కని నిదర్శనం.

మన కళాశాలలలోను ఎంపికలు జరుగుతూనే ఉంటాయి. జట్టుకు ఆటగాళ్ళను, వక్తృత్వ పోటీకి ప్రతినిధులను, వేతనాలకు విద్యార్థులను, బోధనకు అధ్యాపకులను ఎంచుకొంటూనే ఉంటాము. ఆ సందర్భాలలో పేరు ప్రతిష్ఠలకు ముగ్ధులమై, ఒక్కని కొరకు పదుగురి అవకాశాలను ధారపోయడం డిట్కా చేసిన పని. స్థానానికి కావలసినదేమిటి, ఎంపికైన వానికి తోడు నిలిచేదెవరు, ఎంపిక కానివాని గతి ఏమిటి అని విచారించడం వివేకుల పని. ఇక విద్యార్థి మిత్రులకు మేము చెప్పదగినది ఒక్కటే. 196వ వాడుగా పిలుపు వచ్చినంత మాత్రాన టెరెల్ డేవిస్ పరుగు తగ్గలేదు. మొదటివాడుగా పిలుపు వచ్చినంత మాత్రాన కార్టర్ మోకాలు గట్టిపడలేదు. పిలుపు వరుస ఇతరుల చేతిలో ఉంటుంది. పిలుపు వచ్చిన తరువాతి శ్రమ మాత్రమే మన చేతిలోనిది.